ఎగిరే పళ్లెం తాత

నార్వే తీరంలోని ఆ చిన్న దీవిలో లాంచీ దిగగానే కెప్టెన్ హాల్వార్ద్ రేవులో నిలబడ్డ గున్వోర్ అనే ఆవిడను అడిగాడు.

“ఎగిరే పళ్లేన్ని ఫొటో తీసినాయన ఇల్లెక్కడమ్మా? వైమానిక దళం నుంచి విచారణకొచ్చాను.”

గున్వోర్ అతన్ని ఎగాదిగా చూసింది.

“ఆ తాగుబోతు తాత కోసమా? నా మొగుడు ఐలీఫ్ మా నీలం పడవలో ముగ్గురితో చేపల వేటకెళ్లి మొన్నటి నుంచీ జాడ లేదు. ఊళ్లో మగాళ్లంతా ఉత్తరాన వెతుకుతున్నారు. ఆ ముసలాడికి పళ్లేలు కావాల్సొచ్చాయి! పోండి, ఆ చివర షెడ్డు.”

తాత పేరు తూర్‌స్టైన్. ఆ మధ్య ఎక్కడి నుంచో వచ్చి చేరాడు. ఎవరితోనూ కలవడు. ఉన్న ఆస్తల్లా ఒక కెమెరా, నొక్కగానే ఫొటో బయటికొచ్చే రకం. షెడ్డు గోడ నిండా ఒకే నీలం పడవ ఫొటోలు.

హాల్వార్ద్ భూతద్దం తీసి, తాత ఇచ్చిన ఫొటో చూశాడు. సముద్రం మీద ఎర్రటి వెలుగు.

“ఇది పళ్లెం కాదు తాతా. ఆపదలో ఉన్న పడవవాళ్లు పైకి వదిలే మంట. ఇదిగో, కింద పొగ.”

“తెలుసు.”

“తెలిసీ పళ్లెమని ఎందుకు చెప్పారు?”

“సముద్రంలో మనుషులున్నారు మొర్రో అంటే ఒక్కడూ వినలేదు. నోరు వాసన చూసి తరిమారు. ఆకాశంలో పళ్లెం ఉందంటే మీరొచ్చారు.”

తాత ఫొటో మీద వేలు పెట్టాడు.

“ఈ మూడు రాళ్లు దక్షిణాన ఉన్నాయి బాబూ. వీళ్లేమో ఉత్తరాన వెతుకుతున్నారు. మీ మాటైతే వింటారు. మీ కాళ్లు పట్టుకుంటాను, చెప్పండి.”

“పడవలో మీవాళ్లెవరైనా ఉన్నారా?”

తాత కెమెరాను చొక్కా అంచుతో తుడుస్తూ కూర్చున్నాడు.

“నాకెవరున్నారు?” అన్నాడు చివరికి.

హాల్వార్ద్ రేవు అధికారి దగ్గరికి వెళ్లి ఫొటో చూపించాడు. ఆయన పగలబడి నవ్వాడు.

“మీకూ చెప్పాడా! ఆఖరి రేడియో పిలుపు ఉత్తరం నుంచే వచ్చింది సార్. ఆ మంటలు వెతికేవాళ్లు వేసినవే అయ్యుంటాయి. తాగుబోతు మాట పట్టుకుని పడవలన్నీ వెనక్కి తిప్పమంటారా? పేపర్లో పడితే పోయేది మీ పరువే.”

హాల్వార్ద్ చెవులు ఎర్రబడ్డాయి. ఆ వెలుగేమిటో తేల్చడం వరకే తన పని. తేలింది. ‘పడవ మంట. విచారణ ముగిసింది’ అని రాసుకుని సాయంత్రం లాంచీ ఎక్కేశాడు.

ఉత్తరమంతా గాలించి అలిసిపోయాక గానీ పడవలు దక్షిణానికి తిరగలేదు. నలుగురూ ఆ మూడు రాళ్ల దగ్గరే దొరికారు. ముందురోజు దాకా ప్రాణాలతోనే ఉన్నారని డాక్టరు చెప్పాడు.

అంత్యక్రియలకు హాల్వార్ద్ వచ్చాడు. ఎవరి మొహమూ చూడలేక వెనకెక్కడో నిలబడ్డాడు.

చర్చి గోడ పక్కన తాత ఒంటరిగా ఉన్నాడు. గున్వోర్ వెళ్లి అతని చేతులు పట్టుకుని భోరుమంది.

“నిన్ను నానా మాటలూ అన్నాను తాతా. నీ మాట వినుంటే నా మనిషి నాకు దక్కేవాడు.”

“నీ తప్పేం లేదు తల్లీ. నేనే ఇంకా గట్టిగా అరవాల్సింది.”

ఐలీఫ్ శవపెట్టె ఎత్తే వేళయింది. ఆ దీవి ఆచారం ప్రకారం పెట్టె తలవైపు పిడి పట్టేది తండ్రి ఒక్కడే. ఐలీఫ్ పాలపళ్లు ఊడకముందే తండ్రి వదిలేసి పోతే, తల్లి అతన్ని చంకనేసుకుని ఈ దీవికొచ్చింది. ఆ తండ్రిని ఇక్కడ చూసినవాళ్లు లేరు. అందుకే పాదిరి ఆ చోటుకు ఇంకెవరినో పిలవబోయాడు.

ఎవరూ పిలవకుండానే తాత గోడ పక్క నుంచి నడిచొచ్చి, టోపీ తీసి జేబులో పెట్టుకుని, తలవైపు పిడి పట్టుకున్నాడు.