గురువారం వచ్చే దొరసాని

“అంచుల ఇంకో రెండు ఎర్ర పోగులు పడాలె కనకవ్వా,” అన్నది మనోరమ, మగ్గం మీది పడుగుపై వేలు పెట్టి. అదే గొంతుతో, తల ఎత్తకుండానే అడిగింది. “నీ కొడుకు కాడికెల్లి ఏమన్న ఉత్తరం అచ్చిందా?”

కనకవ్వ చేతిలో పోగు నేసే నాడె ఆగింది.

“లేదు దొరసానీ. భీవండి మిల్లులల్ల పనంటే తీరుతదా?”

కొడుకు మొగిలయ్య, ఊరికి చెప్పినట్టు భీవండిలో లేడు. రెండేళ్ల కిందట అడవిలోకి, అన్నల దళంలోకి పోయాడు. ఆ సంగతి సిరిసిల్లలో ముగ్గురికే తెలుసు. కనకవ్వకు, ఆమె మొగుడు ఐలయ్యకు, అప్పుడప్పుడు కబురు మోసుకొచ్చే హోటల్ భూమయ్యకు.

మనోరమ కోరుట్ల దగ్గరి ఓ ఊరి దొరల కోడలు. అన్నల సంఘం వాళ్లు భూముల్లో ఎర్రజెండాలు పాతాక ఆ కుటుంబం కోటలాంటి తమ గడికి తాళం వేసి, జగిత్యాలలో అద్దె ఇంట్లో ఉంటున్నది. మరమగ్గాల పోటీకి చేతిమగ్గాలు మూలపడుతున్న రోజులవి. ఒక సంస్థ పది నేత కుటుంబాలకు గ్రాంటు ఇచ్చింది. అప్పు కాదు, తిరిగి కట్టేది లేదు. కొత్త డిజైన్లు నేసి సొంతంగా అమ్ముకోవాలి. నేర్పడానికి కొన్నాళ్ల గడువుతో ఇంటికొక మనిషిని కూడా ఆ సంస్థే పెట్టింది. బొమ్మలు గీయడం చదువుకున్న మనోరమ కనకవ్వ వంతుకు వచ్చింది; ప్రతి గురువారం జగిత్యాల నుంచి బస్సులో వచ్చి నేర్పేది.

దొరసానిని ఎక్కడ కూర్చోబెట్టాలా అని మొదటిరోజు కనకవ్వ బెదిరిపోయింది. ఆమె వచ్చి చాప మీదే కూర్చున్నది. గళ్ల కాగితం మీద తంగేడు పువ్వు గీసి, ఏ గళ్లో ఏ పోగో చూపించింది. తప్పు పోయిన జానెడు గుడ్డను తానే ఒళ్లో వేసుకుని పోగు పోగూ విప్పింది. హైదరాబాదు ఎగ్జిబిషన్‌కు పంపిన తంగేడు అంచు చీరల్లో ఒక్కటీ తిరిగి రాలేదు. ముతక చీరలు తప్ప ఎరగని ఐలయ్య, ఆ కబురు విని మగ్గానికి దండం పెట్టాడు.

కానీ ఆమె ప్రశ్నలే కనకవ్వకు ముల్లులా గుచ్చుకునేవి. “మంచిగ తింటున్నడా?” “జరాలు అస్తున్నయట, పైలమేనా?” ఒక గురువారం పోతూ పోతూ గడపలో ఆగి, “చలికి దుప్పటన్న ఉన్నదా?” అన్నది.

భీవండి మిల్లులో పనిచేసే వాడి గురించి ఎవరూ అడగని మాట అది.

కనకవ్వ చెప్పగానే ఐలయ్య మొహం నల్లబడింది. “తక్కిన తొమ్మిది ఇండ్లకు వచ్చేటోళ్లు గడువు కాంగనే మానేసిరి. గీమె ఒక్కతే సొంత కిరాయి పెట్టుకొని అస్తున్నది. దొరలకు మన మీద గింత పావురం, గింత ప్రేమ ఎందుకే? భూములు పోయినయి, గడి పాడువడ్డది. కడుపుల మంట లేకుంటదా?”

“గంత ఓపికతోని నేర్పవట్టె గదయ్యా.”

“కోసెటోడు గూడ మేకను మంచిగనే మేపుతడు.”

కనకవ్వ వద్దంటున్నా వినకుండా ఐలయ్య, దొరసాని పోలీసులకు కబురు మోస్తున్నదని భూమయ్య చెవిన వేశాడు. మూడోనాడు జవాబు వచ్చింది. వచ్చే గురువారం దళం ఊరి బయట బస్సు ఆపి దొరసానిని దించుతుందట. కొన్ని మాటలు అడుగుతుందట. ఆ ఏడు అలా అడగడానికి తీసుకుపోయిన ఇద్దరిలో ఒక్కరూ ఇల్లు చేరలేదు.

“మా మొగిలి గూడ అస్తడా?” అంది కనకవ్వ.

“గా దళమే,” అన్నాడు భూమయ్య.

మగ్గం మీద కూర్చుంటే కనకవ్వ చేతులు దొరసాని నేర్పినట్టే కదులుతున్నాయి. బుధవారం పొద్దున్నే, వేములవాడ రాజన్నకు మొక్కు ఉన్నదని ఐలయ్యకు చెప్పి, జగిత్యాల బస్సెక్కింది.

మనోరమ ఆమెను చూసి ఆశ్చర్యపోయి, లోపలికి పిలిచి నీళ్లిచ్చింది. కనకవ్వ తాగలేదు.

“రేపు రాకుండ్రి దొరసానీ. ఇగ ఎన్నడు రాకుండ్రి. మీరు ఇన్ఫార్మర్ అని మేమే చెప్పినం. రేపు దళం బస్సు ఆపుతది.”

మనోరమ గోడకు ఆనుకున్నది. మెల్లగా అడిగింది. “నీ కొడుకున్న దళమేనా?”

దాచడానికి ఇంకేం మిగల్లేదు. “ఔ.”

“అందరు అస్తరా?”

“నాకేమెర్క? అస్తరేమో.”

“అయితే నేను అస్త.”

కనకవ్వకు కోపమూ ఏడుపూ ఒక్కసారే వచ్చాయి. “సంపుతరమ్మా. నా కొడుకు చేతులకు మీ నెత్తురు అంటద్దని ఉరికొస్తి.” కళ్లు తుడుచుకున్నది. “ఒక్కటి చెప్పుండ్రి. మా మొగిలి సంగతి మీకెట్ల తెలిసె?”

“పోలీసోళ్లు ఒక ఫోటో తెచ్చిండ్రు. అండ్ల ఉన్న పిలగాడు ఎవలో ఎర్కేనా అన్నరు. అప్పుడు ఎర్క లేదు. మీ ఇంట్ల గోడకున్న ఫోటో చూసినంక ఎర్కయింది.”

ఐలయ్య అన్నదే నిజం. ఈ మనిషి కోసమా తాను మొగుడితో అబద్ధమాడి ఇంత దూరం వచ్చింది? కనకవ్వ కొంగు బిగించి లేచింది. గడప దాటబోతూ వెనక్కి తిరిగింది.

“పోలీసోళ్లు మీ ఇంటికెందుకు అచ్చిండ్రు?”

మనోరమ గడప దాకా వచ్చింది.

“ఫోటోల నీ కొడుకు పక్కన ఉన్నది నా బిడ్డ.”