చూసిన మనిషి

స్టీరింగు సారు కారు తలుపుకు సొట్ట పడింది.

ఆ సొట్ట పక్కనే ఒక కుర్రాడు కూడా పడ్డాడు. బైకు ఒకవైపు, వాడొకవైపు. కాలు పట్టుకుని మెలికలు తిరిగిపోతున్నాడు.

సారు కిందికి దిగి ముందు సొట్టనే చూశాడు. అరచేత్తో నిమిరాడు కూడా.

నిజం చెప్పాలంటే తప్పు సారుది కాదు. ఆయనకు పచ్చ లైటే ఉంది. ఎర్ర లైటు దాటి దూసుకొచ్చింది కుర్రాడే. ఎన్నడూ లేనిది న్యాయం తనవైపు నిలబడితే, మనిషన్నవాడు కాసేపు దాని పక్కన నిలబడతాడు. సారు నిలబడలేదు.

"కళ్లు నెత్తికెక్కాయా?" అని కుర్రాణ్ణి కసిరి మళ్లీ కారెక్కాడు. సీట్లకు కొత్త తొడుగులు వేయించాడు మరి. వాటిమీద రక్తం పడితే ఎవడు కడుగుతాడు?

అద్దంలో గళ్ల చొక్కా మనిషి ఎవరో పరుగెత్తుకొచ్చి కుర్రాణ్ణి ఎత్తుకోవడం కనిపించింది.

"పనీపాటా లేనివాళ్లు" అనుకున్నాడు సారు.

ఆయన పనీపాటా ఏమిటంటే, డ్రైవింగ్ స్కూలు. ఊళ్లో సగంమందికి బండి నేర్పింది తానేనని చెప్పుకుంటాడు. మిగతా సగంమంది ఇంకా బతికి ఉన్నది కూడా తన చలవేనంటాడు.

మర్నాడు పొద్దున క్లాసు మంచి ఊపుమీద ఉంది.

"యాక్సిడెంటయితే ముందేం చెయ్యాలి?"

"ఆగాలి సార్!"

"తప్పు మనది కాకపోతే?"

"అయినా ఆగాలి సార్!"

"తర్వాత?"

"దెబ్బ తగిలినవాళ్లను ఆస్పత్రికి చేర్చాలి సార్!"

"శభాష్! ఆ తర్వాత?"

వాళ్లు జవాబు చెప్పేలోగా గుమ్మంలో గళ్ల చొక్కా కనిపించింది. చొక్కా నిన్నటిదే. ముందువైపు మరక ఎండిపోయి ఉంది. నిద్ర లేక కళ్లు ఉబ్బిపోయాయి.

"అయ్యా, నిన్న కూడలిలో జరిగింది నేను చూశానండీ."

సారు క్లాసును అక్కడే ఆపేశాడు. ఆ మనిషి జబ్బ పట్టుకుని వెనక గదిలోకి లాక్కెళ్లి తలుపు మూశాడు.

"చూశావు. అయితే ఏంటి?"

"ముందు మీతో ఒక్క మాట చెప్పి, తర్వాత స్టేషన్‌కి వెళ్దామని..."

స్టేషన్ అన్న మాట చెవిన పడగానే సారుకు అంతా అర్థమైపోయింది. అంటే, ఏమీ అర్థం కాలేదు.

"బెదిరిస్తున్నావా? నీలాంటోళ్లని చాలామందిని చూశానయ్యా. రోడ్డుమీద ఏదైనా జరిగితే చాలు, ఈగల్లా వాలిపోతారు."

"అయ్యో, అది కాదండీ. నేను చూసిందేంటంటే..."

"నువ్వేం చూడలేదు!"

"నా కళ్లతో నేను..."

"నీ కళ్లు సరిగ్గా లేవు. ఏం చూడలేదు. స్టేషన్‌లోనూ అదే చెప్పు. కాదని నోరు విప్పావో, ఈ ఊళ్లో ఎలా తిరుగుతావో నేనూ చూస్తా."

ఆ మనిషి భయపడలేదు. వింతగా సారు మొహంలోకి చూశాడు.

"చూడలేదనే చెప్పమంటారా?"

"అదే చెప్పు. ఇక ఫో."

సారు చొక్కా సర్దుకుని క్లాసులోకి వచ్చాడు.

"ఎక్కడున్నాం?"

"పోలీసులకు చెప్పే దగ్గరున్నాం సార్!"

సారును పట్టుకోవడం పోలీసులకు పెద్ద పనేం కాలేదు. సొట్టపడిన తలుపు మీదే స్కూలు పేరు బండ అక్షరాలతో రాసి ఉంది. కేసు కోర్టుకు వెళ్లింది.

"ఎందుకు ఆగలేదు?" అని అడిగారు జడ్జిగారు.

"తప్పు నాది కాదండీ."

"తప్పెవరిదో తేల్చేది మేం. ఆగాల్సింది మీరు. సరే, మీకు పచ్చ లైటు ఉందని చెప్పే సాక్షి ఎవరైనా ఉన్నారా?"

సారు తన లాయరు వైపు తిరిగాడు. కాసేపు విరామం ఇచ్చారు.

వరండాలోకి రాగానే లాయరు విసుక్కున్నాడు. "పారిపోయినవాడి మాట ఎవరు నమ్ముతారండీ? చూసినవాడు ఒక్కడు దొరికితే లైసెన్సు దక్కుతుంది. లేదంటే మీ స్కూలుకు తాళమే."

వరండా చివర బల్లమీద గళ్ల చొక్కా మనిషి కూర్చుని ఉన్నాడు. సారు ప్రాణం లేచొచ్చింది. ఒక్క పరుగున వెళ్లాడు.

"అన్నయ్యగారూ! బాగున్నారా? పచ్చ లైటు నాకే ఉంది కదా? మీరు చూశారు కదా?"

వరస ఎప్పుడు కలిసిందా అన్నట్టు చూశాడాయన.

"ఆ రోజు అదే చెబుదామని వచ్చాను బాబూ. తప్పు మీది కాదు, కంగారు పడొద్దు, స్టేషన్‌లో నేను చెబుతానని."

"మరి రండి! ఇప్పుడు చెప్పండి!"

ఆయన తల అడ్డంగా ఊపాడు.

"తప్పు లేనివాడు చూసినవాడి నోరెందుకు మూయిస్తాడు? మీరంతలా విరుచుకుపడేసరికి, యాక్సిడెంటు గాభరాలో నేనే సరిగ్గా చూడలేదేమో అనిపించింది. స్టేషన్‌లో చూడలేదనే చెప్పాను. ఇప్పుడు మాట మారిస్తే ఎవరు నమ్ముతారు?"

"ఎందుకు నమ్మరండీ!" సారు ఆయన చేతులు రెండూ పట్టుకున్నాడు. "మీరు దారినపోయే దానయ్య. అటు కుర్రాడూ మీకేమీ కాడు, ఇటు నేనూ ఏమీ కాను. మీ మాటకు తిరుగేముంటుంది?"

ఆయన నెమ్మదిగా చేతులు విడిపించుకుని లేచాడు. కోర్టు గది గుమ్మంలో చంకకింద కర్రతో నిలబడ్డ కుర్రాడు ఇటు తిరిగి, "నాన్నా, మనల్నే పిలుస్తున్నారు" అన్నాడు.