ముళ్లపంది కోసం ప్రార్థన

ఒక అడవిలో కాపలా నక్క ముళ్లపందిని విచారణ లేకుండానే బోనులో పెట్టింది. వేరుశనగ చేను తవ్వింది తానేనని ఒప్పుకోమంటూ రోజుకో ముల్లు పీకేది. ఎవరైనా అడిగితే, "వాటంతటవే ఊడుతున్నాయి. చూసినవాళ్ళుంటే చెప్పమనండి" అనేది.

భక్తురాలైన బాతమ్మ రోజూ బోను ముందు కూర్చుని, కళ్ళు గట్టిగా మూసుకుని, ముళ్లపంది విడుదల కోసం ప్రార్థించేది. రెప్ప కదిలితే మళ్ళీ మొదటినుంచి మొదలుపెట్టేది. తప్పు దొర్లితే ఆ పాపం దూరపు చెరువులో పెరుగుతున్న తన పిల్లలకు తగులుతుందని భయం. మధ్యలో ముళ్లపంది మూలిగితే, తన భక్తికి కరిగిపోతోందనుకుని గొంతు పెంచేది.

ఆరో రోజు, "లోపమంతా నా భక్తిలోనే ఉంది నాయనా. రేపట్నుంచి ఉపవాసం కూడా ఉంటాను" అంది.

"ఉపవాసం వద్దు పిన్నీ," అంది ముళ్లపంది నీరసంగా. "నువ్వు కళ్ళు మూసుకున్నప్పుడే నక్క ముల్లు పీకుతోంది."

బాతమ్మకు మొహం దాచుకోవడానికి రెండు రెక్కలూ చాల్లేదు.

మర్నాడు దేవుడికి ముందే క్షమాపణ చెప్పుకుని, కళ్ళు తెరుచుకునే ప్రార్థనకు కూర్చుంది. నక్క బోనులోకి చెయ్యి చాచబోయి, బాతమ్మ చూపు చూసి, అదే చేత్తో తన చెవి గోక్కుంది.

ఆ రోజు ప్రార్థనలో నాలుగు తప్పులు దొర్లాయి. ముళ్లపందికి ముల్లు మాత్రం ఒక్కటీ ఊడలేదు.