నల్లుల సాక్ష్యం

నవారు మంచాన్ని వాకిట్లో ఏటవాలుగా నిలబెట్టి, కింద తెల్లగుడ్డ పరిచి, మంచం కోళ్ళ మీద చెక్కతో టకటకా కొట్టింది చెల్లెలు. సందుల్లోంచి నల్లులు రాలాయి. ఒక్కటీ కదల్లేదు.

"వేణ్ణీళ్ళు తేనా?" లోపల్నుంచి అక్క అడిగింది.

"అక్కర్లేదు. అన్నీ చచ్చే ఉన్నాయి."

అక్క వచ్చి గుమ్మం పట్టుకుని నిలబడింది. దవడ మీద మొన్నటి దెబ్బ ఇంకా కమిలే ఉంది. మనిషి సగమైపోయింది. అలాంటి మొగుడితో తొమ్మిదేళ్ళు కాపురం చేస్తే ఎవరైనా సగమవుతారనుకుంది చెల్లెలు.

"ఇది బావ మంచమేగా? రెండూ ఒకేలా ఉన్నాయి."

"ఆయనదే. గోడవారన ఉన్నది నాది. దాన్ని నేను దులుపుకుంటాలే, నువ్వు ముట్టుకోకు."

చెల్లెలు ఒక నల్లిని గోటితో తిరగేసింది. పొట్టనిండా తాగి చచ్చింది. సరిగ్గా ప్రయోగశాలలో చచ్చినట్టే.

అక్కడ నల్లులకు రక్తం పట్టడమే ఆమె ఉద్యోగం. ఆ ప్రయోగశాల నడిపే డాక్టరమ్మ మొదటిరోజే చెప్పింది. రక్తానికి ఎరుపునిచ్చే హీమ్ అరుగుదలలో విడివడితే నల్లికి విషం. నల్లి ఆ విషాన్ని కడుపులోనే మూటగట్టి పక్కన పడేసి బతికేస్తుంది. రక్తంలో ఒక తెల్లపొడి కలిపితే మాత్రం ఆ మూట కట్టలేదు. తాగిన రక్తమే దాన్ని లోపల్నుంచి కాల్చేస్తుంది. పొడి భలే పనిచేసింది కానీ, మనిషి కాలేయాన్నీ మెల్లగా తినేస్తుందని తేలడంతో బీరువాలో ఓ మూలకి నెట్టేశారు.

నెలన్నర కిందట చెల్లెలు అందులోంచి ఒక పొట్లం కట్టి తెచ్చి అక్క చేతిలో పెట్టింది.

"రోజూ పాలల్లో కలుపుతున్నావుగా?" ఇప్పుడు గొంతు తగ్గించి అడిగింది.

"చిటికెడు. నువ్వు చెప్పినట్టే."

"బావ చూస్తే దున్నపోతులా తిరుగుతున్నాడు. నాకే అనుమానమొచ్చింది."

"ముందు పైకి తెలియదన్నావుగా."

"అవుననుకో. నల్లి అబద్ధమాడదు. రక్తంలోకి బాగా ఎక్కింది."

అక్క గుడ్డ మీది నల్లుల్ని చాలాసేపు చూసింది.

"ఇంకెన్నాళ్ళు పడుతుందే?"

"నెల. ఇంకా తక్కువేనేమో."

"నొప్పి ఉంటుందా?"

"ఉంటే ఉండనీ! నిన్ను గొడ్డును బాదినట్టు బాదేటప్పుడు ఆయన అడిగాడా? ఇంకా జాలేనా నీకు?"

"ఊరికే అడిగాను. ఇప్పుడు ఆపేస్తే?"

"ఇంత ఎక్కాక ఆపినా ఒకటే, ఆపకపోయినా ఒకటే."

"పోనీలే," అంది అక్క. చాలా రోజులకి ఆమె మొహం కాస్త తేటపడింది.

గేటు ధడాలున తెరుచుకుంది. బావ.

"ఏం పురుగుల డాక్టరమ్మా, సెలవు రోజున కూడా పురుగులేనా?"

"మీ ఇంటి పురుగులే బావా. ఏరి ఏరి నడుం పడిపోయింది."

"ఏరావులే! ఒళ్ళంతా దద్దుర్లు నాకు." చేతులు గోక్కుంటూ పెళ్ళాం వైపు తిరిగాడు. "గోడౌన్‌లో కాపలా పని ఖాయమైంది. ఇక తిండీ పడకా అక్కడే. ఈ కొంపకీ, నీ ఏడుపు మొహానికీ ఓ దణ్ణం. మళ్ళీ ఈ గడప తొక్కను. నా మంచం పట్టుకుపోతున్నా."

అక్క మొహంలో నెత్తురు చుక్క లేదు.

"ముందే ఎందుకు చెప్పలేదు?" అంది.

"చెబితే ఏం చేసేదానివి?"

అక్క గడప మీద కూలబడిపోయింది. పథకం ఎక్కడ పాడైపోతుందోనని బెదిరింది కాబోలు. ఏం ఫర్వాలేదన్నట్టు చెల్లెలు కళ్ళతోనే సైగ చేసి, దులిపిన మంచాన్ని బావ ముందుకి జరిపింది.

"ఇదిగో బావా, ఒక్క నల్లి లేకుండా చేశాను. హాయిగా పడుకోండి."

బావ దానివంక చూడనైనా లేదు.

"నాది ఇదీ," అంటూ గోడవారన ఉన్న మంచాన్ని భుజానికెత్తుకుని వెళ్ళిపోయాడు.