జెండా మీద మట్టిరంగు గుర్తు

ఆమెకి అన్నిటికంటే భయం ఒక్క ప్రశ్నంటేనే. అది సొంత కూతురి నోటినుంచే వస్తుందని మాత్రం అనుకోలేదు.

"అమ్మా, మన జెండాలో ఆ మట్టిరంగు గుర్తు ఏంటి?"

ఆరేళ్ళ పిల్ల. అసలు పేరు బడి రిజిస్టరులోనే ఉంటుంది, అందరికీ అది పిడుగే. బడి నుంచి నేరుగా తల్లి పనిచేసే కుట్టుకొట్టుకి వచ్చి, సంచీ దించకుండానే అడిగింది.

ఆమె మిషను ఆపింది. కాళ్ళ దగ్గర బుట్టలో గుడ్డపీలికలు నములుతున్న బుడ్డోడు తలెత్తి చూశాడు. వాడికి పదిహేను నెలలు. దేశానికి రేపటితో ఏడాది.

"ఇప్పుడెందుకే అది?"

"రేపు స్టేజీ మీద నేనే చెప్పాలి. జెండాలు కుట్టేది మీ అమ్మే కదా, నీకే బాగా తెలుస్తుందంది టీచరమ్మ. జెండా కమిటీ పెద్దాయన కూడా వస్తారంట!"

ఆమె మిషను మీది గుడ్డని అనవసరంగా సర్దింది. ఏడో తరగతితో చదువు ఆగిన మనిషి. ఆమె కుట్టుపని మీద ఇల్లు నడుస్తోంది, జెండాల ఆర్డరు మీద కొట్టు నడుస్తోంది. రేపు పెద్దాయన ముందు పిల్ల ఒక్క మాట తేడాగా అందంటే రెండూ మూతపడతాయి.

గుర్తు ఎలా ఉంటుందో ఆమెకి కంఠతా వచ్చు. పైన నీలం, కింద ఆకుపచ్చ, మధ్య తెల్లపట్టీ. ఆ తెలుపు మీద ఒక పక్క వెడల్పుగా మొదలై, పోనుపోను సన్నబడి మొనదేలిన ఆకారం. అంచులు ముదురు, నడుమ లేత. లోపల ఏడు తెల్లచుక్కలు.

"మాస్టారూ, ఆ గుర్తుకి అర్థం ఏంటంటారు?"

బల్ల దగ్గర గుడ్డ కత్తిరిస్తున్న టైలర్ మాస్టారు కళ్ళజోడు మీదనుంచి చూశాడు.

"దీపం వెలుగమ్మా. చూస్తే తెలీట్లా? మొదటి జెండా కుట్టి, మడతపెట్టి పంపింది నువ్వే. నేను జ్వరంతో ఇంట్లో పడున్నా. ఇప్పుడడుగుతున్నావ్, పెళ్ళయిన ఏడాదికి మొగుడి పేరడిగినట్టు!"

"అది కాదండీ. ఎవరు గీశారో మీకేమైనా..."

"నాకేం తెలుసు? ఎగిరిన జెండాని ఫొటో తీసి పంపి, ఇలాంటివే వెయ్యి కావాలన్నారు. మనం కుట్టాం. అదేంటి, మళ్ళీ లేచావ్?"

"ఇస్త్రీపెట్టె స్విచ్చి ఆపానో లేదోనని."

"పొద్దుట్నుంచి ఇది నాలుగోసారి. ఏడాదిగా నీకీ జబ్బేంటో!"

అంతలో తలుపు తోసుకుని ఒక పొట్టి మనిషి వచ్చాడు. జెండా కమిటీ పెద్దాయన. రేపటికి కోటు కావాలి, గుండీ ఊడింది. గుండీ కుట్టేంతసేపూ ఆమె తల ఎత్తలేదు. దారం కొరికాక తెగించింది.

"అయ్యా, జెండా మీద గుర్తు... దాని అర్థం?"

పెద్దాయన గొంతు సవరించుకున్నాడు. "వెనక విశాలమైన గతం. ముందు ఒకటే గురి. పడవలా సాగిపోవడం అన్నమాట."

"ఎవరు గీశారండీ?"

"కమిటీలో తొమ్మిది మందిమమ్మాయ్. నేను కాదు. ఎవర్ని కదిపినా, పక్కాయనే గీసుంటాడులే అంటారు. ఎంత వినయమో చూడు!"

ఆయన వెళ్ళాక ఆమె నుదుటి చెమట తుడుచుకుని, బుడ్డోడిని చంకనేసుకుని, పిడుగు చెయ్యి పట్టుకుని ఇంటిదారి పట్టింది. బస్టాపు దగ్గర టీచరమ్మ కనిపించింది. ఆవిడనీ అడిగింది.

"మొలకండీ, అప్పుడే మట్టి చీల్చుకొచ్చిన మొలక! ముదురు అంచులు సరిహద్దు. ఏడు చుక్కలు మన జిల్లాలు."

"టీచర్, జిల్లాలు ఎనిమిది కదా?" అంది పిడుగు.

"ఎనిమిదోది... మన గుండెల్లో ఉంటుందమ్మా," అంటూ టీచరమ్మ ఆగీ ఆగని బస్సు ఎక్కేసింది.

ఇంటికొచ్చాక పిడుగు నోటుపుస్తకం తెరిచి కూర్చుంది. "ఒకరు దీపమంటారు, ఒకరు పడవ, ఒకరు మొలక. నేనేం రాయను? నువ్వు చెప్పవే అమ్మా!"

ఆమె పిల్లని చూసింది. బుడ్డోడిని చూసింది. ఈ ఊళ్ళో ఎవరికీ తెలియదు. ఒక్కరికీ తెలియదు. అయినా పిల్లకి అబద్ధం చెప్పడానికి నోరు రాలేదు. మెల్లగా రెండు ముక్కలు చెప్పింది.

"నిజంగానా?"

"నిజంగానే. ఒట్టు."

మర్నాడు బడి మైదానం కిక్కిరిసిపోయింది. జెండా ఎగిరింది. పిడుగు మైకు అందక మునివేళ్ళ మీద నిలబడి గడగడా అప్పజెప్పింది.

"ఎవరైనా ఏడిస్తే, చేతిలో పని ఎక్కడిదక్కడ వదిలేసి పరిగెత్తేవాళ్ళు మన దేశంలో ఉన్నారు. ఆ గుర్తు వాళ్ళది. మా అమ్మ చెప్పింది."

 పెద్దాయన లేచి చప్పట్లు కొట్టాడు. "సరిగ్గా నా మనసులో మాట!" వెనక కుర్చీల్లో కమిటీవాళ్ళు ఎనిమిది మందీ, అది మా మాటేనన్నట్టు తలలూపారు.

గుంపు చివర నిలబడిన ఆమె బుడ్డోడిని గుండెకి హత్తుకుంది. ఏడాది తర్వాత మొదటిసారి గుండెలనిండా ఊపిరి పీల్చుకుంది.

కథ చదివినవాళ్ళకి ఒక్క మనవి.

మీ ఇంట్లో ఇస్త్రీ చేస్తున్న పిల్లతల్లి ఉంటే ఒకసారి చూసి రండి, పెట్టె బట్ట మీదే వదిలేసి బిడ్డ ఏడుపుకి పరిగెత్తిందేమో.