దినాల చీర

వనజ తండ్రి దినాలకు చుట్టాల కంటే ముందే వైరా నుంచి ఆయన దోస్తు శ్రీధర్ వచ్చాడు. తాత పోయినప్పుడూ ఇలాగే శ్రీధర్ తండ్రి అందరికంటే ముందు వచ్చాడట.

శ్రీధర్, ఏడుస్తున్న వనజ తల్లి ఒళ్లో కొత్త చీర పెట్టి, వనజ ముందు ఒక కాగితం పరిచాడు.

“వేలిముద్ర ఎయ్యి బిడ్డా. మీ తాత, మీ నాయిన గూడ ఏసిన్రు.”

భద్రాచలం హాస్టల్లో ఉండి డిగ్రీ చదువుతున్న వనజ కాగితం చేతిలోకి తీసుకుంది.

“మన దోస్తానాల చదువుడేంది?” అని నవ్వాడు శ్రీధర్.

వనజ చివరిదాకా చదివింది.

“అడివి పక్క మా నాలుగెకరాలు ఇంకో ముప్పై ఏండ్లు నువ్వే దున్నుకోవచ్చని ఉంది చిన్నాయినా. నేనెయ్య.”

“గట్లనకు బిడ్డా. మూడు తరాల దోస్తానా,” అంది తల్లి.

శ్రీధర్ కాగితం మడిచి జేబులో పెట్టుకున్నాడు. లేచి, తల్లి ఒళ్లోని చీర కూడా తీసుకున్నాడు.