మూయని బగ్

దంతాలపల్లిలో ఇంటి నుంచే కోడ్ రాసే స్వప్న పనిలో తప్పులు పట్టేది హైదరాబాదులో ఉన్న తమ్ముడు సంతోష్. ఆమె టూలు వేరు, వాడి టూలు వేరు. రెండూ ఒకే ఓపెన్ స్టాండర్డుకు, అంటే ఎవరైనా వాడుకోగల ఉమ్మడి పద్ధతికి, కట్టుబడినవి గనుక ఇటు నొక్కింది అటు కనబడేది. వాడు రాసిపెట్టిన తప్పును, అంటే బగ్‌ను, ఆమె తొందరపడి సరిచేశానంటూ మూసేస్తే, "అక్కా, జర ఆగు" అని రాసి అటునుంచి వాడు దాన్ని మళ్లీ తెరిచేవాడు.

సంతోష్ చనిపోయి ఏడాదైంది. వాడు చివరగా పట్టిన బగ్‌ను సరిచేసి కూడా స్వప్న మూయలేదు. మూస్తే వాడి పేరు ఇక కనబడదు. ఈ రాత్రి మేనేజర్ గట్టిగా అడిగేసరికి కళ్లు మూసుకుని నొక్కేసింది.

అంతలో కరెంటు పోయింది. ఫ్యాను ఆగింది. వైఫై డబ్బా మీది దీపం ఆరిపోయింది.

చీకట్లో లాప్‌టాప్ టింగుమంది. బగ్ మళ్లీ తెరుచుకుంది.

"అక్కా, జర ఆగు."

దాని కింద, ఇంకేదో రాస్తున్నట్టు మూడు చుక్కలు కదులుతున్నాయి.

"ఆగిన తమ్మీ," అంది స్వప్న. "మెల్లగ రాయి."